లీర్‌ను ఒక్క రోజులో సరిగ్గా చూడటం ఎలా: ఫ్లాండర్స్ చిన్న ఊళ్లకు సమగ్ర మార్గదర్శి

"బ్రసెల్స్, బ్రూజ్ చూసేశాం. ఇంకో రోజు చేతిలో ఉంది. జనం తక్కువగా ఉండే పాత ఊరు ఒకటి చెప్పండి. అక్కడికి వెళ్లాక ఏం చేయాలో కూడా చెప్పండి." ఈ మాట చాలామంది అడుగుతున్నారు. నెదర్లాండ్స్, జర్మనీల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు అడుగుతున్నారు, లూవెన్‌లో చదువుకునే పిల్లలు అడుగుతున్నారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మోకాళ్లు నొప్పి పుట్టకుండా తిప్పాలనుకునేవాళ్లు మరీ ఎక్కువగా అడుగుతున్నారు.

నేను చెప్పే ఊరు లీర్. బెల్జియం ఉత్తరాన, డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతంలో ఉంది. ఆంట్‌వెర్ప్‌కు ఆగ్నేయంగా, పెద్ద నేటె, చిన్న నేటె అనే రెండు ఏరులు కలిసేచోట ఉంటుంది. చూడాల్సినవన్నీ కాలినడకన అందుతాయి. అయితే ఇలాంటి ఊళ్లకు ఒక ఇబ్బంది ఉంది. పెద్ద నగరంలో ఒక తలుపు మూసి ఉంటే పక్క తలుపు తడతాం. చిన్న ఊళ్లో తప్పు రోజున దిగితే అన్ని తలుపులూ ఒకేసారి మూసి ఉంటాయి. అందుకే ఈ గైడ్‌లో రోజు, వేళ, క్రమం గురించే ఎక్కువ చెప్తున్నాను.

## 1. ముందు రోజు ఎంచుకోండి, తర్వాతే టికెట్

లీర్‌కు నా లెక్కలో మంచి రోజు శనివారం. పొద్దున సంత ఉంటుంది, దుకాణాలు తెరిచి ఉంటాయి, ఎండాకాలమైతే పడవలు తిరిగే అవకాశం కూడా ఉంటుంది.

ఆదివారం రెండో ఎంపిక. బేకరీలు, కఫేలు ఉంటాయి గానీ దుకాణాలు చాలావరకు మూత. పొద్దున చర్చిలో ప్రార్థనలు జరుగుతుంటాయి కాబట్టి లోపల తిరిగి చూడటం కుదరదు.

సోమవారం మాత్రం వద్దు. బెల్జియంలో మ్యూజియంలకు ఎక్కువగా సోమవారమే సెలవు, లీర్‌లో ముఖ్యంగా చూడాల్సిన గడియారపు బురుజు, జిమ్మర్ టవర్ మ్యూజియం కూడా అంతే. చాలా రెస్టారెంట్లు సోమ, మంగళవారాల్లో విశ్రాంతి తీసుకుంటాయి. "వీకెండ్ రద్దీ తప్పించుకుందాం" అని సోమవారం బయల్దేరేవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు.

నెల విషయానికొస్తే ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా హాయిగా ఉంటుంది. జూన్‌లో రాత్రి 10 దాకా వెలుతురే. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడిపోతుంది, కాబట్టి చలికాలంలో బయట చూసేవన్నీ మధ్యాహ్నం మూడున్నరకల్లా ముగించుకోండి.

తేదీ ఖాయం చేసే ముందు:

- ఆ రోజు బెల్జియంలో ప్రభుత్వ సెలవు కాదు కదా? జూలై 21 జాతీయ దినం, నవంబర్ 1, నవంబర్ 11 కూడా సెలవులే.
- జిమ్మర్ టవర్ మ్యూజియం, ఊరి పెద్ద చర్చి అయిన గుమ్మారుస్ చర్చి ఆ రోజు తెరిచే వేళలు వాటి సొంత సైట్లలో చూశారా? చలికాలం వేళలు వేరుగా ఉండొచ్చు.
- రైల్వే పనులో, సమ్మెనో లేదు కదా? బెల్జియంలో రైల్వే సమ్మెలు అరుదేమీ కాదు. సమ్మె రోజుల్లో నడిచే రైళ్ల పట్టికను ముందుగానే ప్రకటిస్తారు.

## 2. వీసా సంగతి క్లుప్తంగా

నెదర్లాండ్స్, జర్మనీ వంటి షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలు) రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు బెల్జియం వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ దగ్గరుంచుకోండి. సరిహద్దులో ఎవరూ ఆపరన్న ధీమాతో కార్డు ఇంట్లో వదిలేయొద్దు.

ఇంగ్లండ్‌లో ఉండే భారతీయ పాస్‌పోర్టుదారులకు షెంగెన్ వీసా కావాల్సిందే. బ్రిటన్ వీసా ఇక్కడ చెల్లదు.

ఇండియా నుంచి వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇవి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజుల ముందే అందించాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్యారిస్‌లో ఐదు రోజులు, బెల్జియంలో రెండు రోజులు అయితే ఫ్రాన్స్‌కే వెళ్లాలన్నమాట.

## 3. ఊరి పేరు రెండు రకాలుగా రాసిపెట్టుకోండి

బెల్జియంలో చాలా ఊళ్లకు డచ్‌లో ఒక పేరు, ఫ్రెంచ్‌లో ఇంకో పేరు. ఫ్లాండర్స్‌లోకి అడుగుపెట్టగానే బోర్డులు, రైల్లో ప్రకటనలు డచ్‌లోకి మారిపోతాయి. లీర్‌ను ఫ్రెంచ్‌లో లియెర్ అంటారు, ఇందులో గందరగోళం లేదు. మెహెలెన్‌ను మాలీన్ అని, కోర్ట్రైక్‌ను కూర్‌ట్రే అని, ఆంట్‌వెర్పెన్‌ను ఆన్వేర్ అని రాస్తే మాత్రం తెలియనివాళ్లు తికమకపడతారు. డ్రైవ్ చేసేవాళ్లకు ఇంకా కష్టం: లియేజ్‌కు వెళ్లే దారి మీద లూయిక్ అని, ఫ్రాన్స్‌లోని లీల్‌కు వెళ్లే దారి మీద రైసెల్ అని ఉంటుంది.

లూవెన్‌కూ, లూవాన్-లా-నూవ్‌కూ ఉన్న తేడా విద్యార్థులు ఇప్పటికే విని ఉంటారు. అవి రెండూ వేర్వేరు ఊళ్లు. టికెట్ కొనేటప్పుడు పేరు చివరిదాకా చదవండి.

## 4. చేరుకోవడం

రైలులో. ఆంట్‌వెర్ప్ సెంట్రల్ నుంచి లీర్‌కు నేరుగా రైళ్లున్నాయి, ప్రయాణం దాదాపు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ఆమ్‌స్టర్‌డాం, రోటర్‌డాం నుంచి వచ్చేవాళ్లకు ఆంట్‌వెర్ప్‌లో మారడం తేలిక. లూవెన్ నుంచి వచ్చేవాళ్లు ఆర్స్‌హోట్ మీదుగా వెళ్లే రైలు చూసుకోండి, ఆంట్‌వెర్ప్ దాకా వెళ్లి వెనక్కి రానక్కర్లేదు.

వరస ఇలా పెట్టుకోండి:

1. బెల్జియం రైల్వే యాప్ దించుకోండి. దేశంలోపల తిరిగే రైళ్లకు సీటు రిజర్వేషన్ ఉండదు. టికెట్ ఆ తేదీకి, ఆ దారికి చెల్లుతుంది. ఒక రైలు తప్పిపోతే అదే టికెట్‌తో తర్వాతది ఎక్కొచ్చు.
2. రైలెక్కే ముందే టికెట్ కొనండి. లోపల కండక్టర్ దగ్గర కొంటే అదనంగా వసూలు చేస్తారు.
3. రాయితీ పథకాలు ఈ మధ్య మారాయి. పాత బ్లాగుల్లో చదివిన వీకెండ్ టికెట్ల లెక్కలు నమ్మకుండా, యాప్‌లో ఆ తేదీకి చూపించే ధరే చూడండి.
4. ఆంట్‌వెర్ప్ సెంట్రల్‌లో పట్టాలు మూడు అంతస్తుల్లో ఉంటాయి. 1 నుంచి 6 ప్లాట్‌ఫాంలు పైన, 11 నుంచి 14 ఒక అంతస్తు కింద, 21 నుంచి 24 ఇంకా కింద. పెద్దవాళ్లతో ఉంటే మారడానికి కనీసం పావుగంట వ్యవధి ఉంచుకోండి.
5. సెంట్రల్ తర్వాత వచ్చేది బెర్హెం స్టేషన్, అక్కడ దిగొద్దు.

బ్రసెల్స్ విమానాశ్రయం నుంచి నేరుగా వస్తుంటే స్టేషన్ టెర్మినల్ కిందే ఉంటుంది. విమానాశ్రయం స్టేషన్‌కు టికెట్‌లో అదనపు రుసుము కలుస్తుంది, గేట్లు దాటడానికి కూడా ఆ టికెట్టే కావాలి. అందుకే బయల్దేరే స్టేషన్‌గా విమానాశ్రయాన్నే ఎంచుకోండి.

కారులో. రెండు విషయాలు మనవాళ్లకు కొత్త. ఒకటి, ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు దారి. సన్న సందులోంచి వచ్చినా సరే, మీరే ఆగాలి. రెండోది నీలి జోన్ పార్కింగ్. అక్కడ అద్దం వెనక నీలి రంగు అట్ట గడియారం పెట్టాలి. మీరు వచ్చిన వేళ తర్వాత వచ్చే అరగంట దగ్గర ముల్లు ఉండాలి: 10:10కి వస్తే 10:30 దగ్గర. దారిలో ఆంట్‌వెర్ప్ నగరంలోకి వెళ్తే అక్కడ కాలుష్య నియంత్రణ జోన్ ఉంది, మీ బండికి ముందస్తు నమోదు అవసరమో లేదో చూసుకోండి.

## 5. సంచిలో ఉండాల్సినవి

- పల్చని రెయిన్ కోటు. జూలైలో కూడా. గాలికి గొడుగు తిరగబడుతుంది.
- గట్టి అడుగున్న బూట్లు. పాత వీధులన్నీ రాతిబిళ్లల దారులు. హీల్స్ వద్దు, అమ్మలకు పల్చని చెప్పులు వద్దు.
- 50 సెంట్లు, 1 యూరో నాణేలు కొన్ని. కఫేల్లో, స్టేషన్లలో మరుగుదొడ్డికి డబ్బు కట్టాల్సి రావచ్చు.
- 20, 30 యూరోల నగదు. బెల్జియంలో బాంకాంటాక్ట్ అనే స్థానిక కార్డు చెల్లుతుంది, చిన్న దుకాణాల్లో కొన్నిచోట్ల మన వీసా కార్డు తీసుకోరు.
- నీళ్ల సీసా. రెస్టారెంట్లో మంచినీళ్లు ఊరికే ఇవ్వరు, సీసాకు ధర ఉంటుంది. గ్యాస్ లేని నీళ్లు కావాలంటే "ప్లాట్" అని అడగండి. "బ్రూయిస్" అంటే సోడాలా ఉంటుంది.
- ఆ రోజు తిథి, చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూపించే పంచాంగం యాప్. ఎందుకో 7వ అంశంలో తెలుస్తుంది.

పెద్ద సూట్‌కేసు ఉంటే ఆంట్‌వెర్ప్ సెంట్రల్‌లో లాకర్లో పెట్టేయండి. లీర్ రాళ్లమీద దాన్ని ఈడ్చుకుంటూ తిరగడం ఎవరివల్లా కాదు.

## 6. ఊళ్లో నడిచే క్రమం

లీర్‌లో రోజు మొత్తాన్నీ ఒకే మేకుకు తగిలించాలి: మధ్యాహ్నం 12 గంటలు. ఆ వేళకు జిమ్మర్ టవర్ పక్క గోడలోంచి బొమ్మలు వరసగా బయటికి వస్తాయి. అది తప్పితే మళ్లీ మర్నాడే. కాబట్టి 11:45కి టవర్ ముందు ఉండేలా మిగతా పనులు సర్దుకోవాలి.

9:30. స్టేషన్ నుంచి కూడలికి. ఆంట్‌వెర్ప్‌సెస్ట్రాట్ అనే బజారు వీధి గుండా నడిస్తే గ్రోటె మార్క్ట్ అనే పెద్ద కూడలి వస్తుంది. నింపాదిగా నడిస్తే పావుగంట.

9:45. గ్రోటె మార్క్ట్. ముందు పర్యాటక కార్యాలయంలోకి వెళ్లండి, అది ఈ కూడలి మీదే ఉంది. ఊరి పటం తీసుకుని రెండు ప్రశ్నలు అడగండి: ఈ రోజు పడవలున్నాయా, చర్చి ఎన్ని గంటలకు తెరుస్తారు? మిగతా రోజంతా ఈ రెండు జవాబుల మీదే ఆధారపడి ఉంటుంది. పురపాలక భవనానికి ఆనుకుని ఉన్న పాత గంటగోపురం 1369 నాటిది. ఇది యునెస్కో జాబితాలో ఉంది. బయటి నుంచి చూస్తే చాలు. శనివారమైతే సంతలో పండ్లు కొనుక్కోండి.

10:30. గుమ్మారుస్ చర్చి. 1378లో మొదలుపెట్టి 16వ శతాబ్దంలో పూర్తిచేసిన కట్టడం. ఆ వేళకు తెరిచి ఉంటే ఇప్పుడే, లేకపోతే మధ్యాహ్నం భోజనం తర్వాత. లోపల మూడు చోట్ల ఆగండి: మధ్యలో అడ్డంగా ఉన్న రాతి చెక్కడపు తెర, ఊరివాళ్లు కొలిచే పుణ్యపురుషుడు గుమ్మారుస్ అవశేషాలున్న వెండి పేటిక, రంగుటద్దాల కిటికీలు. 1496లో అప్పటి ఈ ప్రాంతపు పాలకుడు ఫిలిప్ ద హ్యాండ్‌సమ్, స్పెయిన్‌లోని కాస్టీల్ రాకుమారి హువానా పెళ్లి జరిగింది ఈ ఊళ్లోనే. తర్వాత సగం ఐరోపాను ఏలిన ఐదవ చార్లెస్ వాళ్ల కొడుకే. కిటికీలు పొద్దున వెలుతురులో ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటాయి. మబ్బు పట్టిన రోజున చర్చికి కేటాయించిన సమయం కొంత తగ్గించి మ్యూజియంకు ఇవ్వండి.

టోపీ తీయండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ప్రార్థన జరుగుతుంటే వెనక్కి వచ్చేయండి.

11:30. ఐకెల్‌స్ట్రాట్ మీదుగా జిమ్మర్ కూడలికి. దారిలో ఒకప్పుడు జైలుగా వాడిన పాత కోట ద్వారం కిందనుంచి వెళ్తారు. పదిహేను నిమిషాలు ముందే చేరి, బొమ్మలు వచ్చే పక్క గోడ కనిపించేచోట నిలబడండి. ఎదురుగా నిలబడితే గడియారం బాగా కనిపిస్తుంది గానీ బొమ్మలు కనిపించవు. చాలామంది చేసే పొరపాటు ఇదే.

12:15. భోజనం. రెస్టారెంట్ వంటగదులు సాధారణంగా 12 నుంచి 2 దాకా పనిచేసి మళ్లీ సాయంత్రం 6కి తెరుచుకుంటాయి. "ఇంకాసేపాగి తిందాం" అనుకుంటే రెండున్నరకు శాండ్‌విచ్, కేకు తప్ప ఏమీ దొరక్కపోవచ్చు.

1:30. టవర్ మ్యూజియం. దీని గురించి వచ్చే అంశంలో వివరంగా చెప్తాను.

2:45. బెగైన్‌హోఫ్ అనే పాత పేట (8వ అంశం చూడండి). టవర్ దగ్గర్నుంచి కొద్ది నిమిషాల నడక.

3:45. పడవ లేదా కట్టమీద నడక. ఈల్ చేపలు పట్టేవాళ్ల పాత తరహా చెక్క పడవల్లో నేటె మీద తిప్పుతారు, ఎండాకాలంలో వారాంతాలు, సెలవుల మధ్యాహ్నాల్లో. పడవల్లేని రోజున పాత కోటగోడల స్థానంలో ఊరి చుట్టూ ఉన్న చెట్ల దారిలో నడవండి. పూర్తి చుట్టు అక్కర్లేదు. బెగైన్‌హోఫ్ వైపు నుంచి ఒక ముక్క నడిస్తే నది, చర్చి శిఖరం రెండూ కనిపిస్తాయి.

5:00. లీర్ ఫ్లాయికె అనే ఇక్కడి చిన్న టార్ట్, కాఫీ. తర్వాత స్టేషన్.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వచ్చారా? చర్చి తీసేయండి, బెగైన్‌హోఫ్ ఉంచండి. మధ్యాహ్నం నడక బదులు పడవ. పడవలు లేకపోతే కట్ట మీద బెంచీ.

## 7. జిమ్మర్ గడియారాన్ని చదవడం

చాలామంది ఫోటో తీసుకుని రెండు నిమిషాల్లో వెళ్లిపోతారు. తెలుగు పంచాంగం అలవాటున్నవాళ్లు మాత్రం ఇక్కడ గంట గడపొచ్చు. ఐరోపాలో ఇంత తేలిగ్గా మనకు అర్థమయ్యే వింత వస్తువు నాకైతే ఇంకోటి కనిపించలేదు.

లూయీ జిమ్మర్ (1888–1970) లీర్‌లోనే గడియారాలు చేసిన మనిషి. బెల్జియం వందేళ్ల పండుగ సందర్భంగా 1930లో ఈ జూబిలీ గడియారాన్ని ఊరికి ఇచ్చాడు. 14వ శతాబ్దపు కోట బురుజు మీద దాన్ని అమర్చారు. మధ్యలో మామూలు గంటల డయల్, చుట్టూ 12 చిన్న డయల్స్.

ఈ వరసలో చదవండి:

1. చంద్రుడి వయసు. ముల్లు 29½ రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది. అమావాస్య నుంచి ఎన్ని రోజులైందో ఆ అంకె చెప్తుంది. 15 లోపైతే అది దాదాపుగా శుక్లపక్ష తిథి. 15 దాటితే అందులోంచి 15 తీసేయండి, బహుళ పక్షం తిథి వస్తుంది. ఇప్పుడు పంచాంగం యాప్ తెరిచి సరిచూసుకోండి. ఒక తిథి అటూ ఇటూ రావచ్చు, ఎందుకంటే తిథులు అన్నీ సమానమైన నిడివి ఉండవు. యాప్ ఇండియా వేళలు చూపిస్తుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి: లీర్‌లో మధ్యాహ్నం 12 అయితే ఇండియాలో ఎండాకాలం లెక్కన 3:30, చలికాలం లెక్కన 4:30.

2. రాశులు. ఇక్కడ మన పంచాంగంతో పోలిస్తే తేడా కనిపిస్తుంది. ఇవి సాయన రాశులు, అంటే రాత్రీపగలూ సమానమయ్యే విషువత్తు నుంచి లెక్కపెట్టేవి. సూర్యుడు మేషంలోకి మార్చి 21 ప్రాంతంలో వస్తాడు. నక్షత్రాలను బట్టి లెక్కపెట్టే మన నిరయన పంచాంగంలో మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో. ఆ దాదాపు 24 రోజుల తేడా అయనాంశం వల్లే, అంటే ఈ రెండు లెక్కల మధ్య ఉన్న కోణపు తేడా వల్లే.

3. 19 ఏళ్ల చక్రం. పంతొమ్మిదేళ్లకోసారి పున్నములు దాదాపు అవే తేదీలకు తిరిగివస్తాయి. మన లెక్కలో పంతొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు రావడం వెనకా ఇదే గణితం. పిల్లలకు అధిక మాసం ఎందుకొస్తుందో చెప్పడానికి ఈ డయల్ ముందు నిలబడటంకన్నా మంచి చోటు లేదు.

4. నీడ గడియారం తేడా. సూర్యుణ్ని బట్టి చూసే వేళకూ, ఏడాది సగటు లెక్కతో సమంగా నడిచే గడియారం వేళకూ ఏడాది పొడవునా తేడా మారుతుంటుంది. ఎక్కువలో ఎక్కువ పదహారు నిమిషాలు.

5. ఆటుపోట్లు. సముద్రం ఇక్కడికి చాలా దూరం, అయినా షెల్డ్ నది మీదుగా ఆటుపోట్లు నేటె దాకా ఎక్కివస్తాయి. డయల్ చూసి, నది ఒడ్డుకు వెళ్లి, నీళ్లు ఎక్కువున్నాయో తక్కువున్నాయో పిల్లల్ని చూడమనండి.

మిగతావి వారం, నెల, తేదీ, రుతువు, భూగోళం వగైరా. వాటిని వేగంగా చూసేయొచ్చు.

టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే టవర్‌లో గడియారపు యంత్రాలు, పక్క భవనంలో 93 డయల్స్ ఉన్న అద్భుత గడియారం కనిపిస్తాయి. ఈ రెండోదాన్ని 1935 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనకు పంపారు. అందులో ఒక ముల్లు ఒక చుట్టు తిరగడానికి 25,800 ఏళ్లు పడుతుంది. భూమి అక్షం మెల్లగా చుట్టు తిరిగే కాలం అది. పైన చెప్పిన అయనాంశానికి కారణం కూడా ఆ కదలికే. అందుకే ముందు బయట రాశుల డయల్ చూసి, తర్వాత లోపల ఈ ముల్లు చూడండి. తిరగేసి చూస్తే ఆ సంబంధం తట్టదు.

టవర్‌లో మెట్లున్నాయి. ఎక్కలేనివాళ్లు అద్భుత గడియారం దగ్గరే ఎక్కువసేపు గడపండి.

## 8. బెగైన్‌హోఫ్‌లో నడవడిక

సన్యాసం పుచ్చుకోకుండానే భక్తితో, సొంత కష్టంతో బతికిన స్త్రీలు కలిసి ఉన్న పేట ఇది. 13వ శతాబ్దంలో మొదలైంది. ఫ్లాండర్స్‌లో ఇలాంటివి పదమూడింటిని 1998లో యునెస్కో జాబితాలో చేర్చారు, ఇది అందులో ఒకటి. ప్రవేశం ఉచితం.

ఈ ఇళ్లలో ఇప్పుడు మామూలు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. కాబట్టి:

- మెల్లగా మాట్లాడండి. సన్న వీధుల్లో మాట గోడలకు తగిలి మోగుతుంది.
- కిటికీల్లోంచి లోపలికి చూడొద్దు, గుమ్మాల మీద కూర్చుని ఫోటోలు దిగొద్దు.
- పులిహోర డబ్బా ఇక్కడ తెరవొద్దు. నది కట్టమీద బెంచీలున్నాయి, అక్కడ తినండి, చెత్త సంచిలో తీసుకెళ్లండి.
- డ్రోన్ వద్దే వద్దు.

అటూ ఇటూ తిరుగుతూ ఒకే వీధిలోకి రెండుసార్లు వచ్చేస్తారు, కంగారు పడకండి. సెయింట్ మార్గరెట్ చర్చిని గుర్తుపెట్టుకుంటే దారి దొరుకుతుంది.

## 9. తిండి: ఏం అడగాలి, ఏం వద్దనాలి

ఎక్కువమంది ఇబ్బందిపడేది ఇక్కడే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఫ్రైలు. బెల్జియం ఫ్రైలను సంప్రదాయంగా గొడ్డు కొవ్వులో వేయిస్తారు. బంగాళాదుంపే కదా అని శాకాహారులు తినేస్తుంటారు. దుకాణంలో "ప్లాంట్‌ఆర్దిహ్?" అని అడగండి, అంటే మొక్కల నూనెనా అని. "ఒస్సెవిట్", "రుండ్‌వెట్" అన్నారంటే గొడ్డు కొవ్వు. నూనె వాడే దుకాణాలూ ఉన్నాయి, అడిగితే నిజమే చెప్తారు.

శాండ్‌విచ్‌లు. "అమెరికాన్", "ప్రెపారే", "మార్టినో" అనే పేర్లు కనిపిస్తే అది పచ్చి గొడ్డు మాంసపు కీమా. పేరు చూసి ఏదో సాస్ అనుకుని కొనేవాళ్లున్నారు. "కాస్" అంటే చీజ్.

మెనూలో గుర్తుంచుకోవాల్సిన మాటలు:

- రుండ్: గొడ్డు మాంసం. కాల్ఫ్: దూడ మాంసం. స్టోఫ్‌వ్లేస్: బీరులో ఉడికించిన గొడ్డు మాంసపు కూర.
- వార్కెన్, స్పెక్, హామ్: పంది మాంసం.
- పార్డ్: గుర్రం మాంసం.
- కిప్: కోడి. విస్: చేప. హర్నాలెన్: రొయ్యలు.
- గెహాక్ట్: కీమా. సాధారణంగా గొడ్డు, పంది కలిపి ఉంటుంది. స్పగెట్టి బోలొనేజ్‌లో ఉండేది కూడా ఇదే.

కూరగాయల సూప్ అని రాసి ఉన్నా మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. "వెజిటారిష్?" అని అడగండి. గుడ్డు కూడా వద్దనుకునేవాళ్లు "వేగన్" అనడమే సులువు. ఇంగ్లిష్ దాదాపు అందరికీ వచ్చు. ఫ్రెంచ్‌లో మొదలుపెట్టొద్దు, ఈ ప్రాంతం భాష డచ్.

లీర్ ఫ్లాయికె. అరచేతిలో పట్టే చిన్న మసాలా టార్ట్. పాలు, రొట్టె పొడి, నల్లటి క్యాండీ పాకం, దాల్చినచెక్క, ధనియాలు, జాజికాయ, లవంగాలు కలిపిన ముద్దను పల్చని పిండి గిన్నెలో పెట్టి కాలుస్తారు. ఈ పేరుకు యూరోపియన్ యూనియన్ ప్రాంతీయ గుర్తింపు ఉంది, మన బందరు లడ్డుకున్న జీఐ లాంటిది. పై పిండిలో ఏ కొవ్వు వాడారో బేకరీలో అడిగాకే శాకాహారులు తీసుకోండి. చక్కెర పాకంలో ధనియాల వాసన మనకు కొత్తగా అనిపిస్తుంది. ఇంటికి తీసుకెళ్లాలంటే బేకరీలో పొద్దునే కొనండి, శనివారం సాయంత్రానికి అయిపోవచ్చు.

## 10. జరిగే పొరపాట్లు, అక్కడికక్కడే సర్దుబాట్లు

12 గంటల బొమ్మలు తప్పిపోయాయి. బయట డయల్స్ ఎలాగూ ఉన్నాయి. మ్యూజియం ముందు చూసి, భోజనం రెండు లోపే ముగించుకోండి.

వర్షం ఆగడం లేదు. వరస తిప్పేయండి: పొద్దునంతా చర్చి, మ్యూజియం, పురపాలక మ్యూజియం. బెగైన్‌హోఫ్‌ను చివరికి పెట్టండి. ఇక్కడి వాన రోజంతా ఒకేలా పడటం తక్కువ.

సోమవారమే వచ్చేశాం. టవర్ బయటినుంచి, బెగైన్‌హోఫ్, కట్టమీద నడక చూసుకుని రెండుకల్లా ఆంట్‌వెర్ప్‌కు వెళ్లిపోండి. లీర్‌లో కూర్చుని ఎదురుచూసి లాభం లేదు.

రైలు రద్దయింది. టికెట్ ఆ రోజంతా చెల్లుతుంది కాబట్టి తర్వాతది ఎక్కండి. ఆంట్‌వెర్ప్ దిశగా డె లైన్ బస్సులూ ఉన్నాయి, వాటికి టికెట్ వేరు.

సైకిల్ బెల్ మోగుతోంది. మీరు సైకిల్ దారిలో నడుస్తున్నారు, అది చాలాచోట్ల ఎర్రగా ఉంటుంది. పక్కకు రండి. వెనక్కి చూడకుండా ఫోటో కోసం అడుగు వెనక్కి వేయడం ప్రమాదకరం.

ఒంట్లో బాగోలేదు, వస్తువు పోయింది. అత్యవసరమైతే 112, పోలీసులకు 101.

## 11. ఇదే పద్ధతి వేరే ఊళ్లకు

ఫ్లాండర్స్‌లో ప్రతి పాత ఊరికీ తప్పిపోకూడని వేళ ఒకటి ఉంటుంది. ముందు అది కనుక్కుని, మిగతావన్నీ దాని చుట్టూ పేర్చుకోండి.

టోంగెరెన్‌కు ఆదివారం పొద్దున, పాత వస్తువుల సంత కోసం. అక్కడికి భోజనం తర్వాత వెళ్తే బల్లలు సర్దేస్తుంటారు. ఫ్యూర్నెకు జూలై చివరి ఆదివారం, పశ్చాత్తాప ఊరేగింపు కోసం. ఆ రోజు రైళ్లు నిండుతాయి, పొద్దునే చేరండి. డీస్ట్‌కు అలాంటి వేళేమీ అక్కర్లేదు, బెగైన్‌హోఫ్ కోసం ఏ పొడి మధ్యాహ్నమైనా సరే.

ఈపర్‌కు మాత్రం సాయంత్రం. అక్కడ మెనిన్ గేట్ కింద రోజూ రాత్రి 8 గంటలకు, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం బ్యూగిల్ ఊదుతారు. ఆ గోడల మీద సమాధి దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లున్నాయి, వాళ్లలో భారతీయులూ ఉన్నారు. పక్కనే కోటగట్టు మీద భారత సైనికుల స్మారకం ఉంది, వెలుతురుండగానే చూసి రండి. గేట్ కింద నిలబడటానికి 7:15కల్లా చేరాలి. చప్పట్లు కొట్టకూడదు. బయల్దేరే ముందే ఈపర్ నుంచి ఆ రాత్రి ఆఖరి రైలు ఎన్నింటికో యాప్‌లో చూసుకోండి. మీ ఊరి దాకా కలిసే రైలు లేకపోతే అక్కడే గది తీసుకోండి.